సొరబుర్ర లేని తీగవాద్యం: తక్కువ ఖర్చులో ఎలక్ట్రిక్ గిటారు, ఆంప్లిఫయర్

పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరను దగ్గర నుంచి చూసినవారికి ఎలక్ట్రిక్ గిటారు గురించి చెప్పడం సులువు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాత దేశమంతటికీ తెలిసిన ఆ వాద్యంలో ఒక వెదురు దండె, దాని మీద వరుసగా మెట్లు, వాటి మీదుగా సాగే తీగ, కింద ఎండిన సొరబుర్రలు ఉంటాయి. తీగను ఎంత నేర్పుగా మీటినా ఆ నాదాన్ని పదిమందికి వినిపించే పని సొరబుర్రలదే. ఎలక్ట్రిక్ గిటారులో దండె ఉంది, మెట్లు ఉన్నాయి, తీగలు ఉన్నాయి, సొరబుర్ర మాత్రం లేదు. దాని సొరబుర్ర మూడు మీటర్ల కేబుల్‌కు అవతలి కొసన, ఆంప్లిఫయర్ పెట్టెలో స్పీకర్ రూపంలో ఉంటుంది. కాబట్టి గిటారు ఒకటి, ఆంప్ ఒకటి అని రెండు వేరువేరు వస్తువులను కొంటున్నామనుకోవడం పొరపాటు. కొంటున్నది ఒకే వాద్యాన్ని, రెండు భాగాలుగా.

ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి ఊళ్లలో చర్చి క్వయర్‌లోనో కాలేజీ బృందంలోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో వాయించాలని ఆశపడే పిల్లలు, వారి కోసం దాచుకున్న డబ్బు తీసే తల్లిదండ్రులు నష్టపోవడం నేను చాలాసార్లు చూశాను. చేతిలో 25,000 రూపాయలుంటే అందులో 22,000 చూడముచ్చటైన గిటారుకు పెట్టి, మిగిలిన దానితో ఎక్కడో ఒక చిన్న ఆంప్ తెచ్చుకుంటారు. ఆరు నెలలకు ధ్వని బాగాలేదని గిటారును తప్పుపట్టి, తీగల కింద ఉండి నాదాన్ని పట్టుకునే దాని పికప్‌లు మార్పిస్తారు. నేనూ మొదట అదే చేశాను. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కొన్న నా తొలి గిటారు ఎంత శ్రుతి చేసినా రెండు పాటలకే తప్పిపోతుంటే పికప్‌లు మారిస్తే బాగుపడుతుందని అక్కడివారు చెప్పారు, నేను నమ్మి మార్పించాను, శ్రుతి మాత్రం ఎప్పటిలాగే తప్పింది. నిజానికి తీగలు తల దగ్గర ఆనుకునే నట్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కలో గాళ్లు ఇరుకుగా ఉండడమే అసలు లోపమని చాలా రోజుల తరువాత తెలిసింది. శ్రుతికీ పికప్‌కూ సంబంధం లేదన్న మాట ఆ రోజు ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది. అందుకే ఈ వ్యాసంలో ఏది మంచిదన్న ప్రశ్న కన్నా ఏది ముందు, ఏది తరువాత అన్న ప్రశ్నకే ఎక్కువ చోటిస్తున్నాను.

గిటారు పనిచేసే తీరు పాత సైకిల్ డైనమోను గుర్తు చేసుకుంటే తెలిసిపోతుంది. పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన చుట్ట. పైన ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. మామూలు ఎలక్ట్రిక్ గిటారుకు బ్యాటరీ గానీ కరెంటు గానీ అక్కర్లేకపోవడానికీ, నైలాన్ తీగలు వేస్తే అది పలకకపోవడానికీ కారణం ఇదే. ఒకే చుట్ట ఉన్న పికప్‌ను సింగిల్ కాయిల్ అంటారు. దాని ధ్వని తేటగా, గలగలమంటూ ఉంటుంది, కానీ చుట్టుపక్కల కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్‌ల హోరును కూడా అది పట్టుకుంటుంది. ఆ హోరును వదిలించడానికి గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి హంబకర్‌ను తయారుచేశారు. రెండు చుట్టలూ హోరును సమానంగా పట్టుకుంటాయి, అవి ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండడంతో హోరు కొట్టుకుపోతుంది, తీగ నాదం మాత్రం మిగులుతుంది.

తక్కువ ధర గిటార్లలో రెండు కుటుంబాలు కనిపిస్తాయి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పోలికలున్నవి ఒకటి, 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ పోలికలున్నవి మరొకటి. ఫెండర్ వారి తక్కువ ధర పేరు స్క్వయర్, గిబ్సన్ వారిది ఎపిఫోన్. యమహా పసిఫికా, ఐబనెజ్ జియో, కోర్ట్ వంటివి ఈ రెండింటి గుణాలను తమ తమ పాళ్లలో కలుపుకున్నవి. నట్ నుంచి, తీగలు కింది కొసన ఆనుకునే బ్రిడ్జ్ వరకు తీగ పొడవు మొదటి కుటుంబంలో 648 మిల్లీమీటర్లు, రెండో దానిలో సుమారు 628. తేడా రెండు సెంటీమీటర్లే అయినా, అదే తీగను అదే శ్రుతికి తెస్తే పొడవైన దానిలో బిగువు సుమారు 6 శాతం ఎక్కువవుతుంది, చిన్న వేళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఏ పాటలు వాయిస్తారో ఇంకా తేలని కొత్తవారికి నా సలహా, బ్రిడ్జ్ దగ్గర ఒక హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉన్న గిటారు తీసుకోవడం. యమహా పసిఫికా ఈ అమరికకు బాగా పేరున్నది. తీగలను ఊపే చేతికర్రతో రెండు వైపులా తేలియాడే ఖరీదైన తరహా బ్రిడ్జ్‌ను మాత్రం తొలి గిటారులో కోరుకోకండి, ఒక తీగ తెగితే మిగిలిన ఐదూ శ్రుతి తప్పుతాయి.

కలప గురించి దుకాణాల్లో చాలా చెబుతారు. ఈ ధరలో దానికి అంత ప్రాధాన్యం లేదన్నది నా అభిప్రాయం, అయితే మనవారికి నచ్చే ఒక విశేషం ఉంది. 2017లో రోజ్‌వుడ్ జాతి కలపల అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చాయి. తయారై సిద్ధమైన వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికే లోపలే కంపెనీలు ప్రత్యామ్నాయాలు వెతుక్కున్నాయి. అలా స్క్వయర్ గిటార్ల మెట్ల పలకకు వచ్చి చేరినదే ఇండియన్ లారెల్, అంటే మన నల్లమల అడవుల్లో పెరిగే నల్లమద్ది.

దుకాణంలో చూడవలసింది రంగు కాదు. గిటారును తుపాకీలా కంటి దగ్గర పెట్టుకొని తల వైపు నుంచి దండె పొడవునా చూడాలి. కొద్దిపాటి వంపు ఉండవచ్చు, మెలిక మాత్రం ఉండకూడదు, ఎందుకంటే వంపును సరిచేయవచ్చు, మెలికను సరిచేయలేరు. తరువాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా ఒకసారి మీటి ఎక్కడైనా మూగపోతుందేమో వినాలి. చేతివేళ్లను దండె అంచు వెంట జరిపితే మెట్ల కొసలు గీరుకోకూడదు. వాడిన గిటారు కొనేటప్పుడు దీనికి తోడు దండె లోపలి ఇనుప కడ్డీని తిప్పే మర పాడవలేదని చూసుకోవాలి. ఈ పరీక్షలకు వాయించడం రావలసిన పని లేదు, ఓపిక ఉంటే చాలు.

ఇక అన్నిటికన్నా ముందు చేయించవలసిన పని, ఎక్కువమంది చేయించని పని, సెటప్, అంటే దండెను, తీగలను, పికప్‌లను సర్దడం. ఆరు తీగలూ కలిసి దండెను ఎంత బలంగా లాగుతున్నాయో తెలిస్తే దీని అవసరం బోధపడుతుంది. 0.010 అంగుళం మందం నుంచి మొదలయ్యే మామూలు తీగల సెట్టు వేసి శ్రుతి చేస్తే మొత్తం లాగుడు సుమారు 46 కిలోలు, అంటే ఇంచుమించు ఒక సిమెంటు బస్తా బరువు రాత్రింబవళ్లు ఆ సన్నని కర్రను ముందుకు వంచుతూ ఉంటుంది. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి దండె లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. పోచంపల్లిలోనో గద్వాలలోనో మగ్గం ఎరిగినవారికి ఇది కొత్త లెక్క కాదు: పడుగు బిగువు ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే నేత చెడుతుంది, వానకాలపు బిగువు ఎండకాలంలో పనికిరాదు. గిటారు దండె కూడా అలాగే గాలిలోని తేమను బట్టి కదులుతుంది. ఎండలు 44 డిగ్రీలు దాటే మన వేసవిలో కలప ఎండి ముడుచుకుంటే మెట్ల కొసలు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి, వానలు మొదలయ్యాక వంపు మళ్లీ మారుతుంది. ఏడాదికి రెండుసార్లు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, సెటప్ సరిచూసుకోవడం ఈ ప్రాంతంలో తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను. ఎండలో నిలిపిన కారు డిక్కీలోనో బస్సు పైకప్పు మీదనో గిటారును వదలకూడదన్నది కూడా ఇందుకే.

సెటప్‌లో జరిగేవి నాలుగు సర్దుబాట్లు, వాటి వరుస మారకూడదు. మొదట దండె వంపు. తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టి ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర చూస్తే తీగకూ మెట్టుకూ మధ్య సుమారు 0.25 మిల్లీమీటర్ల సందు, ఇంచుమించు ఒక విజిటింగ్ కార్డు దూరేంత, ఉండాలి. సందు ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను బిగించాలి, తక్కువగా ఉంటే వదులు చేయాలి, ఏదైనా ఒక్కసారికి పావు చుట్టుకు మించకూడదు. తరువాత తీగల ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద సుమారు 1.6 ఉంటే వేళ్లకు శ్రమ ఉండదు, మోతలో చిటపటలూ ఉండవు. కొత్తగా నేర్చుకునే పిల్లలు వేళ్లు నొప్పులని రెండో నెలలోనే గిటారును గోడకు వేలాడదీయడానికి ఈ ఎత్తే ఎక్కువసార్లు కారణమవుతుంది. అది పిల్లల తప్పు కాదు.

మూడోది స్వరస్థానాలను సరిచేయడం. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ సగం పొడవు దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ పై స్థాయి స్వరం పలకాలి. కానీ వేలితో నొక్కినప్పుడు తీగ కొద్దిగా సాగి బిగువు పెరుగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. ఆ హెచ్చును సరిచేయడానికే బ్రిడ్జ్ మీద ఒక్కో తీగకు ఒక్కో జారే ముక్క ఉంటుంది. పన్నెండో మెట్టు స్వరం ఎక్కువగా చూపితే ఆ ముక్కను వెనక్కి జరిపి తీగను పొడవు చేయాలి, తక్కువగా చూపితే ముందుకు జరపాలి. ఫోన్‌లోని ఉచిత ట్యూనర్ యాప్, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. చివరిది పికప్ ఎత్తు. సింగిల్ కాయిల్ పికప్‌ను తీగకు మరీ దగ్గరగా లేపితే అయస్కాంతం తీగను లాగి లావు తీగల స్వరం వణుకుతుంది. తీగలను చివరి మెట్టు దగ్గర నొక్కినప్పుడు సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచితే ధ్వని విచ్చుకుంటుంది. పైసా ఖర్చులేని ఈ ఒక్క సర్దుబాటు కొత్త పికప్‌లు తెచ్చే మార్పులో చాలా భాగాన్ని తెచ్చిపెడుతుంది.

సెటప్ అయిన తరువాత డబ్బు వెళ్లవలసింది ఆంప్‌కు. గిటారుకు పెట్టే దానిలో కనీసం సగమైనా, వీలైతే మూడింట రెండు వంతులు, ఆంప్‌కు కేటాయించమని నేను చెబుతాను. వినేవాడి చెవికి తగిలేది స్పీకర్ కదిలించిన గాలే తప్ప గిటారు కాదు. ఇక్కడ మనవారు మోసపోయేది వాట్ల దగ్గర. పది వాట్ల ఆంప్ కన్నా ఇరవై వాట్లది రెట్టింపు మోగుతుందని అనుకుంటాం, నిజానికి వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది స్వల్పమైన తేడా. మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. మరోవైపు స్పీకర్ పరిమాణం, పెట్టె పరిమాణం ధ్వనిని చాలా మారుస్తాయి. 10 వాట్ల ఆంప్‌లో ఉండే ఆరు అంగుళాల స్పీకర్ లావు తీగల గాంభీర్యాన్ని మోయలేదు. ఎనిమిది అంగుళాలది ఫర్వాలేదు, పన్నెండు అంగుళాలది నిజంగా పలుకుతుంది. చిన్న సొరబుర్రకు పెద్ద నాదం రాదు.

ఇంట్లో సాధనకు ఎనిమిది అంగుళాల స్పీకర్‌తో 15, 20 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ గానీ డిజిటల్ మోడలింగ్ ఆంప్ గానీ చాలు. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసే వాల్వు ఆంప్‌లు మధురంగా ఉంటాయి కానీ వాటి మాధుర్యం శబ్దం పెంచినప్పుడే బయటపడుతుంది, పక్కింటి గోడ కలిసి ఉన్న ఇళ్లలో 15 వాట్ల వాల్వు ఆంప్‌ను సగం కూడా పెంచలేరు. మోడలింగ్ ఆంప్‌లు ఆ వాల్వుల పోకడను తక్కువ శబ్దంలోనే అనుకరిస్తాయి. 2016లో వచ్చిన బాస్ కటానా ఈ తరహాకు మంచి ఉదాహరణ. డ్రమ్స్‌తో కలిసి వాయించాలంటే మాత్రం 50 వాట్లు, పన్నెండు అంగుళాల స్పీకర్ కావాలి. హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఆంప్‌ను కొనకండి, రాత్రిపూట సాధన చేసే పిల్లలకు అదే ఆధారం. ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడిచే రోలండ్ మైక్రో క్యూబ్ వంటి చిన్న ఆంప్‌లకు కరెంటు పోయే చోట్ల వాటి విలువ వాటికుంది.

మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు అమెరికాలో ఎవరో ఒకరు ఉంటారు, వచ్చేటప్పుడు తెమ్మంటే తెస్తారు. గిటారు తెప్పించుకుంటే ఇబ్బంది లేదు. ఆంప్ తెప్పించుకుంటే దాని వెనుక రాసి ఉన్న వోల్టేజీని ముందు ఫొటో తీసి పంపమనండి: అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. 100 నుంచి 240 వరకు అని రాసి ఉంటే సరే, 120 మాత్రమే ఉంటే తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టిన మరుక్షణం అది కాలిపోతుంది.

చర్చిలలోనూ సభల్లోనూ ఆంప్ లేకుండా గిటారు కేబుల్‌ను నేరుగా మిక్సర్‌లో గుచ్చడం మామూలైపోయింది. ధ్వని మొద్దుబారి వస్తే గిటారును అంటారు, పాపం దాని తప్పేమీ లేదు. పికప్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతానికి సుమారు 10 లక్షల ఓమ్‌ల నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా పది వేల ఓమ్‌ల దగ్గర ఉండి ఆ సంకేతాన్ని కుంగదీస్తుంది, పై స్వరాల మెరుపు అక్కడే పోతుంది. మధ్యలో ఒక యాక్టివ్ డీఐ బాక్స్, అంటే గిటారు సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె, పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది. డిస్టార్షన్, అంటే ధ్వనిని కావాలని గరుకుగా చేయడం, వాడేవారికి మరో చిక్కుంది: గిటారు స్పీకర్ 5,000 హెర్ట్జ్‌ల పైన ఉన్న గరగరను తనంతట తానే వడకట్టేస్తుంది, సభల్లో వాడే పెద్ద స్పీకర్లు అలా వడకట్టవు, అందుకే ఇంట్లో గంభీరంగా వినిపించిన డిస్టార్షన్ వేదిక మీద కందిరీగల తుట్టెలా వినిపిస్తుంది. ధ్వనికి రకరకాల మార్పులు చేసే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌లో, గిటారు స్పీకర్ పెట్టెను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ అనే ఏర్పాటు ఉండేది దీని కోసమే. మిక్సర్‌కు వెళ్లేటప్పుడు దాన్ని వేయాలి, గిటారు ఆంప్‌కు వెళ్లేటప్పుడు తీసేయాలి.

హోరు విషయంలో మాత్రం పికప్‌ల కన్నా ముందు ఇంటి కరెంటును చూడాలి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, పాత ఇనుప చోక్‌తో వెలిగే ట్యూబ్‌లైటు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇవన్నీ సింగిల్ కాయిల్ పికప్‌లో గుయ్యిమంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు. తీగలను తాకగానే హోరు తగ్గితే గిటారు లోపలి వైరింగు బాగున్నట్టే. తాకినప్పుడు పెరిగితే లోపల ఎక్కడో వైరు ఊడిందని అర్థం. పాత ఇళ్లలో ఎర్తింగ్ ఉండదు, ఉన్నా ఉప్పు, బొగ్గు వేసిన గుంత ఎండకాలంలో నీళ్లు పోసేవారు లేక పొడిబారిపోతుంది. హోరు పోతుందని ఎవరో చెబితే ప్లగ్గులోని మూడో పిన్నును విరిచేయడం నేను చూశాను. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఆంప్ లోహపు చట్రానికి కలిసి ఉంటాయి, ఎర్త్ లేని ఆంప్‌లో లోపం వస్తే ఆ కరెంటు మీ వేళ్ల దగ్గరికి వస్తుంది. స్కాట్లాండ్‌కు చెందిన గిటారిస్టు లెస్ హార్వీ 1972 మే 3న స్వాన్సీలో కచేరీ వేదిక మీద ఎర్తింగ్ లేని మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు. స్తంభం నుంచి తాత్కాలికంగా తీగలు లాగిన పందిట్లో వాయించే మన పిల్లలకు ఆ ప్రమాదం దూరంలో లేదు. మైకుకూ ఆంప్‌కూ ఒకే ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి, వాయించడానికి ముందు టెస్టర్‌తో చూడాలి.

ఇవన్నీ కుదిరాక గిటారులో భాగాలు మార్చే ఆలోచన చేయవచ్చు. ముందుగా తీగలు, తుప్పు పట్టిన తీగలతో ఏ గిటారూ పలకదు. చెమట ఎక్కువగా పట్టే మన వాతావరణంలో వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడవాలి. తరువాత నట్. తీగ బిగించేటప్పుడు టిక్కుమని శబ్దం వస్తే గాడిలో పట్టేస్తున్నట్టు; పెన్సిల్ ముల్లు పొడిని గాడిలో రాస్తే తాత్కాలికంగా తీరుతుంది, ఎముకతో చేసిన నట్ వేయిస్తే శాశ్వతంగా తీరుతుంది. గరగరమనే వాల్యూమ్ నాబ్‌కు, వదులైన జాక్‌కు హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, మన ఊళ్లో మిగిలిన పాత రేడియో, టీవీ మెకానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సోల్డరింగ్ చేసి ఇస్తాడు, పికప్‌ల వైరింగు కూడా అతనికి పెద్ద పని కాదు.

పికప్‌లు మార్చాలనుకుంటే, మంచి ఆంప్ మీద కనీసం ఒక ఏడాది వాయించి, ఏ స్వరాలు ఎక్కువయ్యాయో ఏవి చాలడం లేదో మీ మాటల్లో మీరే చెప్పగలిగిన తరువాత మార్చండి. సింగిల్ కాయిల్స్‌కు సాధారణంగా 250 కిలోఓమ్‌ల పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు), హంబకర్‌కు 500 కిలోఓమ్‌లవి సరిపోతాయి. పికప్ మార్చి పాట్ మార్చకపోతే కొత్త హంబకర్ మసకగానో, కొత్త సింగిల్ కాయిల్ చెవిలో గుచ్చినట్టుగానో వినిపించవచ్చు. తీసేసిన పాత పికప్‌లను, వాటి మరలతో సహా, ఒక డబ్బాలో వేసి ఉంచండి. గిటారు అమ్మే రోజున వాటిని తిరిగి బిగించి, కొత్తవాటిని తరువాతి గిటారుకు తీసుకువెళ్లవచ్చు.